అరటిపండు లేని ఆట

మన వీధుల్లో పిల్లలాడే ఆటల్లో ఒక పదవి ఉంటుంది. మరీ చిన్నవాడు ఏడుస్తూ వెంటపడితే పెద్దపిల్లలు కాదనలేక చేర్చుకుంటారు. పరిగెత్తనిస్తారు, బంతి ముట్టుకోనిస్తారు, దొరికినా దొరికాడని అనరు. వాడు నిజంగానే ఆడుతున్నాననుకుని చెమటలు కక్కుతాడు. మిగతావాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. వాడు ఆటలో అరటిపండు. వాడివల్ల గెలుపూ రాదు, ఓటమీ రాదు.

బడి పెద్దదయ్యేకొద్దీ అరటిపళ్లు పెరుగుతాయి. ఆరువందల మంది చదివే బడికి క్రికెట్ జట్టు ఒకటే, అందులో చోటు పదకొండు మందికి. మిగిలిన 589 మంది ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టాలి. వాళ్లను లేపి మైదానంలోకి దింపడానికి, దింపాక వాళ్లు లెక్కలోకి వచ్చేలా చూడడానికి ఇంగ్లండ్ మగపిల్లల బడులు 19వ శతాబ్దంలో ఒక ఏర్పాటు చేసుకున్నాయి. హౌస్ పద్ధతి. రెడ్ హౌస్, బ్లూ హౌస్ అంటూ ఇప్పుడు మన ఊళ్లలో చాలా బడుల గోడల మీద కనిపించేది దాని మునిమనవడే. మంచి వడ్రంగి చేసిన పెట్టెలో మేకు కనిపించదు. ఈ పద్ధతిలోనూ పనితనమంతా అతుకుల దగ్గరే ఉంది. అందుకే దాన్ని ఒకసారి విప్పి చూడాలనిపించింది. విప్పడం ఒక మ్యాచ్‌తో మొదలుపెడదాం.

ఐదు మధ్యాహ్నాల మ్యాచ్

1899 జూన్ 22, గురువారం. బ్రిస్టల్ నగరంలోని క్లిఫ్టన్ కాలేజీ. పేరుకు కాలేజీయే గానీ అది బడి, ఆనాటికి పూర్తిగా మగపిల్లల బడి. అక్కడ ఒక జూనియర్ హౌస్ మ్యాచ్ మొదలైంది. ఒకవైపు క్లార్క్స్ హౌస్, మరోవైపు నార్త్ టౌన్. రెండూ ఆ బడి జట్లే. క్లార్క్స్ హౌస్ తరఫున టాస్ గెలిచి బ్యాటింగ్‌కు దిగిన కుర్రాడి పేరు ఎ. ఇ. జె. కాలిన్స్. వయసు పదమూడు. పుట్టింది మన దేశంలోనే, హజారీబాగ్‌లో. తండ్రి ఐసీఎస్ జడ్జి. క్లిఫ్టన్‌లో చేరేనాటికే ఆ పిల్లవాడికి తల్లీ లేదు, తండ్రీ లేడు.

మొదటిరోజు ఆట ఆగేసరికి అతని స్కోరు సుమారు 200. రెండోరోజు ముగిసేసరికి 509. అప్పటికి ఎక్కడైనా నమోదైన అత్యధిక వ్యక్తిగత స్కోరు 1886లో ఆండ్రూ స్టోడార్ట్ చేసిన 485. దాన్ని దాటేశాడని ఊరంతా పాకింది, జనం చూడడానికి వచ్చారు, పత్రికలు రాశాయి. శని, ఆదివారాల తర్వాత సోమవారం గంట కూడా ఆట సాగలేదు, స్కోరు 598. మంగళవారం అవతలి చివర వికెట్ పడింది. కాలిన్స్ 628 నాటౌట్. మొత్తం ఆరు గంటల యాభై నిమిషాలు. ఒక సిక్సర్, నాలుగు ఐదులు, 31 ఫోర్లు, 33 మూళ్లు, 146 రెళ్లు, 87 సింగిల్స్. కూడి చూసుకోండి, సరిగ్గా వస్తుంది. అన్ని రెళ్లు ఎలా వచ్చాయంటే, మైదానానికి ఒక పక్క హద్దు మరీ దగ్గర, అటు కొడితే ఇచ్చేది రెండే. స్కోరు రాసినవారిలో ఒకాయన తర్వాతి కాలంలో "628, ఓ ఇరవై అటూ ఇటూగా" అని చమత్కరించేవాడని చెప్పుకుంటారు.

క్లార్క్స్ హౌస్ మొత్తం 836. నార్త్ టౌన్ 87కీ, 61కీ అవుటైంది. బ్యాటు వదిలి బంతి పట్టుకున్న కాలిన్స్ మ్యాచ్‌లో 11 వికెట్లు తీశాడు. ఇన్నింగ్స్ 688 పరుగుల తేడాతో గెలుపు. ఆ 628 రికార్డు 116 ఏళ్లకు పైగా నిలిచింది. 2016 జనవరిలో ముంబయి దగ్గరి కల్యాణ్‌లో ఒక బడుల మధ్య పోటీలో ప్రణవ్ ధనావడే 1009 నాటౌట్ చేశాకే అది పక్కకు జరిగింది.

అందరూ కాలిన్స్ కథను ఇక్కడితో ఆపేస్తారు. నాకు ఆసక్తి కలిగించింది అవతలి చివర ఉన్న కుర్రాడు. టామ్ రెడ్‌ఫర్న్, ఆఖరి బ్యాట్స్‌మన్. అతను వచ్చేసరికి తొమ్మిది వికెట్లు పడిపోయాయి. ఆ చివరి వికెట్‌కు ఇద్దరూ కలిసి 183 పరుగులు జోడించారు. అందులో రెడ్‌ఫర్న్ వాటా 13. ఆ పదమూడు పరుగులవాడు మొదటి బంతికే బౌల్డ్ అయివుంటే 628 ఉండేది కాదు. స్టోడార్ట్ రికార్డు కూడా చెక్కుచెదరక మిగిలిపోయేదేమో.

ఇంకొంచెం ఆలోచిస్తే రెండు ప్రశ్నలు వస్తాయి. ప్రపంచ రికార్డు ఒక బడి మొదటి జట్టులో గాక, అందులో ఒక ముక్క అయిన హౌస్, దాంట్లోనూ జూనియర్ జట్టు ఆడే ఆటలో ఎందుకు పుట్టింది? ఇరవై నిమిషాల్లో అవుటై వెళ్లాల్సిన రెడ్‌ఫర్న్‌లాంటి కుర్రాడు అసలు అక్కడ బ్యాటు పట్టుకుని ఎందుకున్నాడు? రెండింటికీ జవాబు ఒక్కటే. ఆ ఏర్పాటు చేసిందే అతని కోసం.

అద్దె ఇంటి నుంచి

హౌస్ అనే మాట మొదట్లో అచ్చంగా ఇల్లే. ఈటన్ లాంటి పాత బడుల్లో ధర్మసత్రం పద్ధతిన ఉచితంగా చదివే కొద్దిమందికే బడిలో వసతి. డబ్బులిచ్చి చదివేవాళ్లు ఊళ్లో ఎవరో ఒకామె ఇంట్లో అద్దెకుండి, ఆమె వండింది తిని బడికి వచ్చేవాళ్లు. ఒకప్పుడు మన ఊళ్లలో వారాలబ్బాయిలు రోజుకో ఇంట తిని చదువుకున్నట్టే, కాకపోతే వీళ్లది డబ్బున్న సంసారం. ఆ ఇళ్ల మధ్య పోటీలు లేవు, జెండాలు లేవు. ఉన్నదల్లా అద్దె, అల్లరి.

1828లో రగ్బీ బడికి హెడ్మాస్టరుగా వచ్చిన థామస్ ఆర్నాల్డ్ అద్దె ఇళ్లను మెల్లగా తప్పించి, పిల్లల వసతిని ఉపాధ్యాయుల చేతుల్లో పెట్టాడు. పాఠం చెప్పే మనిషే అన్నం దగ్గరా కనిపించాడు. హౌస్‌మాస్టర్ అనే మనిషి బలపడింది ఇక్కడే. పెద్ద తరగతి పిల్లలకు చిన్నవాళ్లను చూసుకునే బాధ్యత అప్పగించాడు. గోడలు లేచాయి, పెద్దదిక్కు కుదిరింది. ఆట ఇంకా రాలేదు.

ఆటను తెచ్చింది గొడవ. 1843లో మొదలైన మార్ల్‌బరో బడిలో పిల్లలు అడవి జంతువుల్లా తయారయ్యారు. చుట్టుపక్కల పొలాల్లో పడి దొంగవేటలు, రాళ్లు విసరడాలు. 1851లో ఏకంగా తిరుగుబాటే చేసి టపాసులు పేల్చారు. మరుసటి ఏడు హెడ్మాస్టరుగా వచ్చినవాడు జార్జ్ కాటన్. మన గోదావరి మీద ఆనకట్ట కట్టిన కాటన్ దొర వేరు, ఈయన వేరు. కానీ ఈయన చేసిందీ ఒక రకంగా ఆనకట్టే. పొలాల మీద పడుతున్న వరదను బడి హద్దుల్లోకి మళ్లించి, హౌస్‌ల వారీ ఆటలనే కాలవల్లోకి వదిలాడు. ఆర్నాల్డ్ దగ్గర రగ్బీలో పనిచేసిన మనిషి, ఆటలాడగల కుర్ర మాస్టర్లను వెంట తెచ్చుకున్నాడు. తర్వాత కలకత్తా బిషప్‌గా మన దేశానికే వచ్చాడు. సిమ్లాలో ఆయన పేరు మీద ఉన్న బడి 1859లో మొదలైంది. అక్కడ ఇబ్బెట్‌సన్, రివాజ్, కర్జన్, లెఫ్రాయ్ అనే నాలుగు హౌస్‌లు ఇప్పటికీ పోటీ పడుతున్నాయి.

క్లిఫ్టన్ కొత్తగా వేసిన కుట్టు

1862లో క్లిఫ్టన్ బడి తెరిచినప్పుడు తొలి హెడ్మాస్టరు జాన్ పెర్సివల్. ఆయనా రగ్బీలో పాఠాలు చెప్పి వచ్చినవాడే. అప్పటికి హౌస్ పద్ధతి నమూనా తయారుగా ఉంది. పెర్సివల్ దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేదు. క్లిఫ్టన్‌కు ఒక చిక్కు ఉంది. అది ఊరి బడి. ఊరివాళ్లు డబ్బు పోసి పెట్టుకున్న బడి. హాస్టల్లో ఉండేవాళ్లతో పాటు రోజూ ఇంటి నుంచి వచ్చి వెళ్లే డేస్కాలర్లు చాలామంది ఉంటారు. హౌస్ అంటేనే కలిసి పడుకుని, కలిసి తినే గూడు. ఇంటికి వెళ్లిపోయేవాడికి గూడు ఎక్కడ?

చాలా బడుల్లో డేస్కాలర్ అంటే చులకన. సాయంత్రం బెల్లు కొట్టగానే మాయమయ్యేవాడు ఎవరికీ చెందడు. క్లిఫ్టన్ చేసిన పని చూడండి. డేస్కాలర్లను నార్త్ టౌన్, సౌత్ టౌన్ అని రెండు హౌస్‌లుగా చేసింది. హాస్టల్ హౌస్‌లకు బ్రౌన్స్, డేకిన్స్, ఓక్లీస్ అని తొలి హౌస్‌మాస్టర్ల పేర్లు వస్తే, వీళ్లకు తాము వచ్చే ఊరి దిక్కే పేరైంది. వీళ్లకు మంచాలు లేవు. పేరు ఉంది, జట్టు ఉంది, మ్యాచ్‌ల జాబితాలో మిగతా అందరితో సమానంగా ఒక గడి ఉంది. కాలిన్స్ ఆడింది ఈ నార్త్ టౌన్ మీదే. ఇన్నింగ్స్ 688 తేడాతో చిత్తుగా ఓడినా, ఓడే హక్కు కూడా ఒక హక్కే. ఆటలో లేనివాడికి ఓటమి కూడా దక్కదు.

1878లో అదే బడి యూదుల పిల్లల కోసం ఒక హౌస్ పెట్టింది. తర్వాత పోలక్స్ హౌస్ అని పేరుపడిన అది 2005 దాకా నడిచింది. వాళ్ల తిండి వేరు, ప్రార్థన వేరు, పండుగలు వేరు. అందుకని వాళ్లను బడికి బయట నిలబెట్టలేదు, ఇంటి ఆచారం మానుకోమనీ అనలేదు. వేరే వంటిల్లు, అదే మైదానం. తెలుగువాడికి ఇది బాగా అర్థమవుతుంది. పంక్తి వేరైతే మనిషి వేరైపోయే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం కదా మనం. అలా వేరుచేసి ఒక హౌస్ పెట్టడం మంచిదా, అందరినీ కలిపేయడం మంచిదా అన్నది తెగని వాదమే. కానీ 1878లో ఆ పిల్లలకు కప్పు కోసం పోటీపడే సమాన అర్హత దొరికింది.

చిన్నదవడంలోని లెక్క

ఇక అసలు యంత్రంలోకి వద్దాం. హౌస్‌లో సాధారణంగా యాభై, అరవై మంది ఉంటారు. ఈ సంఖ్యే గుండెకాయ. యాభై మంది పేర్లూ ఒక మనిషికి గుర్తుంటాయి, ఎవడికి దగ్గు, ఎవడికి ఇంటి మీద బెంగ అన్నది హౌస్‌మాస్టరుకు తెలుస్తుంది. అది కనిపించే లాభం. కనిపించని లాభం లెక్కలో ఉంది.

మొదట చెప్పిన ఆరువందల మంది బడినే తీసుకోండి. అరవై మంది చొప్పున పది హౌస్‌లు చేయండి. ప్రతి హౌస్ సీనియర్లలో ఒక జట్టు, జూనియర్లలో ఒక జట్టు దింపాలి. ఇరవై జట్లు, 220 మంది. పదకొండు ఒక్కసారిగా 220 అయింది. కొత్త మైదానం కొనలేదు, కొత్త కోచ్‌ను పెట్టలేదు. అరవై మందిలో మొనగాళ్లు ఏ నలుగురో ఐదుగురో ఉంటారు. జట్టు నిండాలంటే బ్యాటు పట్టుకోవడం సరిగ్గా రానివాణ్నీ లాక్కురావాల్సిందే. ఆ లాక్కొచ్చినవాళ్లలో ఒకడు ఆఖరి వరసలో వస్తాడు. ఇక్కడ వాడు అరటిపండు కావడానికి వీల్లేదు. వాడి క్యాచ్ క్యాచే, వాడి వికెట్ వికెట్టే. బడి జట్టు బలమైనవాణ్ని ఏరుకుంటుంది. హౌస్ జట్టుకు ఏరుకునే సౌకర్యం లేదు. పేదరికమే దీని గొప్పతనం. ఇంట్లో నలుగురే ఉంటే పెళ్లిపనులకు పదేళ్లవాణ్ని కూడా బజారుకు పంపిస్తాం, వాడూ బాధ్యతగా వెళ్లొస్తాడు. అదే ఇది.

కాలిన్స్ ఇన్నింగ్స్ అంత దూరం సాగడానికి ఇంకో మరమేకు కూడా కారణం. ఆ హౌస్ మ్యాచ్‌కు కాలపరిమితి లేదు. పూర్తయ్యేదాకా ఆడాలి. ఈ రోజు ఆగితే రేపు మధ్యాహ్నం ఆగినచోటి నుంచి. జనం కోసం పెట్టిన ఆట అయితే ఇది కష్టం. ఎవరి కోసం ఆడుతున్నారో వాళ్లే ఆడుతున్న ఆట కనుక చెల్లింది.

పాయింట్ల నేత

కప్పు ఒక ఆటతో రాదు. ఏడాది పొడవునా క్రికెట్, ఫుట్‌బాల్, పరుగులు, ఈత, నాటకం, పాట, చర్చ, చదరంగం, ఒక్కోచోట గది శుభ్రం కూడా. అన్నిటికీ పాయింట్లు. అన్నీ కూడి చివర తేలిన హౌస్ గెలిచినట్టు. ఇంగ్లీషు బడులు దాన్ని కాక్ హౌస్ అనేవి. మన సైనిక్ స్కూళ్లలోనూ ఈ మాట ఉంది. సంక్రాంతి బరి చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. చివరిదాకా నిలిచిన పుంజు.

పాయింట్లు వేసే తీరులో ఉంటుంది నేర్పు. మొదటివాడికి ఐదు, రెండోవాడికి మూడు, మూడోవాడికి ఒకటి అని మాత్రమే పెడితే మళ్లీ మొనగాళ్ల ఆటే అవుతుంది. అందుకే తెలిసిన బడులు మూడు ఉపాయాలు చేర్చాయి. మొదటిది, ప్రమాణం. వంద మీటర్లు ఇంత సమయంలో, పొడవు దూకడం ఇంత దూరం అని ఒక గీత పెడతారు. హౌస్‌లో ఎవడు ఆ గీత దాటినా ఒక పాయింటు. ఎవణ్నీ ఓడించనక్కర్లేదు. లావుపాటి కుర్రాడు నెలరోజులు తెల్లవారుజామున పరిగెత్తి గీత దాటితే, అరసెకను తేడాతో పతకం గెలిచినవాడి పాయింటుకూ వాడి పాయింటుకూ కూడికలో తేడా ఉండదు. రెండోది, ఊరిచుట్టు పరుగు. వచ్చిన స్థానాలే మార్కులు, తక్కువ వచ్చిన హౌస్ గెలుపు. అప్పుడు మొదటి స్థానం కోసం పెద్దగా పెనుగులాట ఉండదు. నలభయ్యో స్థానంలో ఈడుస్తూ వస్తున్నవాడు ముప్పై ఎనిమిదికి ఎక్కాలని హౌస్ మొత్తం దారి పక్కన నిలబడి గొంతు చించుకుంటుంది. మూడోది, మూకుమ్మడి పోటీ. డ్రిల్లు, బృందగానం లాంటివి. అందరూ నిలబడాలి, ఒకడి కాలు తప్పితే అందరికీ కోత.

ఈ మూడింటి గుణం ఒకటే. మొనగాడి మీద పెట్టే శ్రమ కన్నా బలహీనుడి మీద పెట్టే శ్రమకు ఎక్కువ పాయింట్లు వస్తాయి. కాబట్టి పద్దెనిమిదేళ్ల కెప్టెన్ తన లాభం కోసమే పన్నెండేళ్ల నత్తివాడి పక్కన కూర్చుని పద్యం చెప్పిస్తాడు. ఎవరూ అతనికి దయ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. లెక్కే అతన్ని అక్కడ కూర్చోబెట్టింది. రోజూ కూర్చుంటే దయ కూడా వస్తుంది.

ఇందులో తరగతి పడుగు అయితే హౌస్ పేక. తరగతి ఒకే వయసువాళ్లను ఒక వరసలో పెడుతుంది. హౌస్ ఆ వరసలన్నిటికీ అడ్డంగా, చిన్నా పెద్దా అందరిలోంచీ దూరి వెళుతుంది. పొద్దున ఒకే బల్ల మీద లెక్కలు చేసిన ఇద్దరు సాయంత్రం ఎదురెదురు జట్లలో ఉంటారు. ఒకే జట్టులో ఉన్నవాళ్లు పొద్దున ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. శనివారం పక్క బడితో మ్యాచ్ వస్తే నిన్నటి శత్రువులిద్దరూ ఒకే టోపీ పెట్టుకుని ఓపెనింగ్ దిగుతారు. ఎవరితోనూ పూర్తిగా పగ పెంచుకోవడానికి తీరిక దొరకదు. ఒక్క దారం లాగితే గుడ్డ చిరగకుండా పట్టి ఉంచేది ఈ అడ్డునేతే. పైగా ఏడాది చివర కప్పు ఇచ్చేశాక అందరి పాయింట్లూ సున్నా. ఓడినవాడి బాకీ మరుసటి ఏడుకు మోయరు.

ఈ సూక్ష్మం తెలిసిన రచయిత్రి జె. కె. రోలింగ్. 1997లో వచ్చిన హ్యారీ పాటర్ మొదటి పుస్తకం చివర రెండు హౌస్‌లు 472 పాయింట్ల దగ్గర సమానమవుతాయి. కప్పు తేల్చింది హ్యారీ గాదు. అందరూ ఏడిపించే నెవిల్ అనే బెరుకు పిల్లవాడికి వచ్చిన పది పాయింట్లు. హౌస్ పద్ధతి ప్రాణం ఆ పది పాయింట్లలో ఉంది. అయితే గుణాన్ని బట్టి పిల్లల్ని హౌస్‌లకు పంచే ఆ పుస్తకంలోని మాయ టోపీ మాత్రం కథకే బాగుంటుంది. ధైర్యవంతులందరినీ ఒకచోట, తెలివైనవాళ్లను ఇంకోచోట పోగేస్తే పోటీ చచ్చిపోతుంది. పంపకం కుప్పల్లా సమంగా ఉండాలి. మెరక గింజా పల్లపు గింజా ప్రతి కుప్పలోనూ కలవాలి.

కత్తికి రెండో అంచు

మెచ్చుకుంటున్నాం కదా అని మచ్చలు దాచకూడదు. పెద్దలకు అధికారం ఇచ్చిన అదే ఏర్పాటు చిన్నవాళ్లను వాళ్ల పనివాళ్లుగా మార్చింది. బూట్లు తుడవడం, రొట్టె కాల్చడం, తప్పు చేస్తే బెత్తం. విక్టోరియా కాలపు బడుల్లో ఆటల పిచ్చి ఎంతదాకా పోయిందో చరిత్రకారుడు జె. ఎ. మాంగన్ 1981లో ఒక పుస్తకమే రాశారు. ప్రతివాడూ అవసరమే అన్న మాటకు వెనక ముల్లుంది. అవసరమైనవాడు తప్పు చేస్తే తప్పించుకోలేడు. క్యాచ్ వదిలిన పిల్లవాడికి ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఎన్ని కళ్లు గుచ్చుకుంటాయో వాడికే తెలుసు. అరటిపండుకు గౌరవం లేకపోయినా, కనీసం నిద్ర పట్టేది.

అంతకన్నా పెద్ద మచ్చ ఇంకొకటుంది. హౌస్ కోసం ఒళ్లు వంచడం అలవాటైన పిల్లలను సామ్రాజ్యం తన కోసం వంచుకుంది. క్లిఫ్టన్‌లో చదివిన కవి హెన్రీ న్యూబోల్ట్ ఆ బడి మైదానంలోని క్రికెట్‌ను నేరుగా యుద్ధభూమికి ముడిపెట్టి రాసిన పద్యం ఆ కాలంలో ఊరూరా మోగింది. కాలిన్స్ సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేరి కెప్టెన్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నవంబరు 11న, బెల్జియంలోని ఈప్ర దగ్గర జరిగిన మొదటి పోరులో చనిపోయాడు. 29 ఏళ్లు. శవం దొరకలేదు. మెనిన్ గేట్ స్మారకం మీద వేలమంది పేర్లలో ఒక పేరుగా ఉన్నాడు. పనిముట్టు ఎంత బాగా చేస్తే అంత బాగా కోస్తుంది. ఏం కోయాలో అది చెప్పదు.

బేగంపేట దాకా

ఈ పద్ధతి మన గడ్డకు వచ్చాక సంస్థానాల గుమ్మాలూ తట్టింది. 1935లో డెహ్రాడూన్‌లో మొదలైన డూన్ స్కూల్‌లో తొలి హౌస్‌ల పేర్లు హైదరాబాద్, కాశ్మీర్, జైపూర్, టాటా. అలా ఎన్నడూ దక్కన్ చూడని పంజాబీ, బెంగాలీ కుర్రాళ్లు 'హైదరాబాద్' అని గొంతెత్తి అరుస్తూ పెరిగారు. ఇటు అసలు హైదరాబాద్‌లో, 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం బేగంపేటలో ఒక బడి పెట్టారు. జాగీర్దారీ పోయాక 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. అది ఇంకా మగపిల్లల బడిగా ఉన్నప్పుడు చదివిన సత్య నాదెళ్ల 2017లో రాసిన 'హిట్ రిఫ్రెష్'లో తన హౌస్‌ను తలుచుకున్నారు. నలంద, నీలం రంగు. సిమ్లాలో కర్జన్, రివాజ్ అయితే ఇక్కడ నలంద. పాలకుల పేరుకు బదులు పురాతన విద్యాపీఠం పేరు. అదే పుస్తకంలో ఆయన క్రికెట్ కెప్టెన్ గురించీ చెబుతారు. తన బౌలింగ్ తేలిపోతుంటే కెప్టెన్ బంతి తీసుకుని తానే వికెట్ తీసి, మళ్లీ బంతిని నాదెళ్ల చేతికే ఇచ్చాడట. హౌస్ పద్ధతి మంచిగా నడిస్తే తయారు చేయాల్సింది అలాంటి కెప్టెన్లనే. 1962లో విజయనగరం రాజుల కోరుకొండ ప్యాలెస్‌లో సైనిక్ స్కూలు మొదలయ్యాక ఉత్తరాంధ్ర పల్లె కుర్రాళ్లకూ ఇది అందింది.

ఆ తర్వాత ఊరూరా ప్రైవేటు బడులు వచ్చాయి, వాటితో రెడ్, బ్లూ, గ్రీన్, ఎల్లో వచ్చాయి. నిజం చెప్పుకుంటే మనం పెట్టె పైన రంగు తెచ్చుకున్నాం, లోపలి మరలు చాలాచోట్ల మరిచిపోయాం. హాజరుపట్టీలో ఒకటో నంబరు రెడ్, రెండో నంబరు బ్లూ అని పంచేస్తారు. శనివారం రంగు టీషర్టు వేసుకు రావాలి, అది అమ్మానాన్నలకు అదనపు ఖర్చు. స్పోర్ట్స్ డేకు పదిరోజుల ముందు హౌస్ గుర్తొస్తుంది, మర్నాడు మరుపొస్తుంది. పరుగులో ఎప్పుడూ అదే ముగ్గురు. మిగతా వాళ్లు షామియానా కింద. హౌస్ ఉంది, ఇల్లు లేదు. దీనికి డబ్బు అక్కర్లేదు. గీత దాటిన ప్రతివాడికీ ఒక పాయింటు అన్న ఒక్క నియమం పెట్టి చూస్తే చాలు, షామియానా కింది పిల్లలు లేచి నిలబడతారు.

క్లిఫ్టన్‌లో ఆ మూల మైదానాన్ని ఇప్పుడు కాలిన్స్ పీస్ అంటారు. గోడ మీద అతని పేరుతో పలక ఉంది. రెడ్‌ఫర్న్ పేరు మీద అలాంటిదేమీ లేదు, ఉండాల్సిన పనీ లేదు. బడి దాచుకున్న ఆ స్కోరు లెక్కలో పదకొండో వరసలో, 628 చేసినవాడి పేరుతో పాటే అతని పేరూ రాశారు. దాని పక్కన 13 అని ఉంది. అరటిపండు పేరు పక్కన ఎవరూ పరుగులు రాయరు.